అధ్యక్షులవారి నాలుగు ఇస్పేట్లు

మనిషి ఎంతసేపు ఆలోచించాలనే విషయాన్ని ఇంతకాలం ప్రకృతి చూసుకుంటూ వచ్చింది. గత మే నెల నుంచి ఆ బాధ్యతను సూర్యాపేట–కోదాడ–మిర్యాలగూడ త్రిపట్టణ బ్రిడ్జి సంఘం స్వీకరించింది. ప్రకృతి నుంచి ఇంతవరకు అభ్యంతరమేదీ రాలేదు.

నా పేరు ఉపేందర్. సంఘానికి సంయుక్త కార్యదర్శిని. తీర్మానాలు రాయడం, సభ్యులకు టీ చెప్పడం నా విధులు. (టీ విషయంలో ఎన్నడూ ఫిర్యాదు రాలేదు.) జరిగినదంతా దగ్గరుండి చూశాను కాబట్టి, ఉన్నదున్నట్టు రాయడం నా ధర్మం.

బ్రిడ్జి తెలియనివారికి ఒక మాట. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జట్టు. తలా పదమూడు ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు; పెద్ద ముక్క వేసినవాళ్లది గెలుపు, తురుఫు రంగు ముక్క పడితే అది మిగతా రంగులన్నిటినీ కొడుతుంది. ఆటకు ముందు వేలంపాట జరుగుతుంది: ఫలానా రంగు తురుఫుగా మా జట్టు ఇన్ని పట్లు గెలుస్తుందని ఒకరి మీద ఒకరు పాట పెంచుకుంటూ పోవాలి. పాడిన అంకెకు ఆరు కలుపుకోవాలి. అంటే నాలుగు ఇస్పేట్లు అని పాడితే, ఇస్పేటు తురుఫుగా పదమూడింటిలో పది పట్లు గెలిచి చూపించాలి. తగ్గితే నష్టం. నోటితో మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, పెట్టెలోంచి పాట కార్డు తీసి బల్ల మీద పెట్టాలి, అంతే. ఎప్పుడు పాట పెంచాలి, ఎప్పుడు పాస్ అని ఎదుటివాళ్లకు వదిలేయాలి అన్నదే ఈ విద్య మొత్తం.

ఈ విద్యను మా అధ్యక్షులు ఓంప్రకాష్ గారు చాలా ఏళ్ల క్రితమే సులభం చేశారు. చేతిలో ఏమున్నా ఆయన నాలుగు ఇస్పేట్లు పాడతారు.

ఓంప్రకాష్ గారిది మిర్యాలగూడలో రైసు మిల్లు. ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి గారు ముప్పై నాలుగేళ్లు ఆయనకు ఎదురుగా కూర్చొని ఆడారు. రెండేళ్ల క్రితం మానేశారు. సంఘం తరఫున కారణం అడగడానికి నేనే వెళ్లాను.

"నేను ఏం పాడినా ఆయన నాలుగు ఇస్పేట్లే అంటడు ఉపేందరూ," అన్నారావిడ, బియ్యంలో రాళ్లేరుతూ. "గా దానికి ఎదురుంగ మనిషెందుకు? అద్దం పెట్టుకున్నా సాలు."

దాన్ని నేను 'వ్యక్తిగత కారణాలు' అని రాసుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ సొంతంగా ఒక జోడీని వెతుక్కున్నారు. పాలకీడు దగ్గర వాళ్ల పొలంలో గేదెకు జ్వరమొస్తే సూది వేయడానికి సరళ అనే అమ్మాయి వచ్చింది. పశువుల దవాఖానలో ఉద్యోగం, ఇంట్లో గొర్రెల మంద. శిక్షణ కోసం హైదరాబాదు హాస్టల్లో ఉన్నప్పుడు తోటివాళ్ల దగ్గర బ్రిడ్జి నేర్చుకుందట. షెడ్డు కింద మేం నలుగురం ఆడుతున్నాం; ఆ రోజు స్వరాజ్యలక్ష్మి గారికి జోడీ లేక నేనే ఎదురుగా కూర్చున్నాను. ఆ అమ్మాయి సూది వేసి, చేతులు కడుక్కుని, ఓంప్రకాష్ గారి వెనక నిలబడి రెండు నిమిషాలు చూసింది.

"గీడ పాస్ అంటే అయిపోతుండె కద సార్?" అంది.

ఓంప్రకాష్ గారు వెనక్కి తిరిగి చూశారు. స్వరాజ్యలక్ష్మి గారు ముక్కలు కింద పెట్టి, "బిడ్డా, నీకు ఆదివారాలు సెలవేనా?" అని అడిగారు.

అలా సరళ సంఘంలో తాత్కాలిక సభ్యురాలైంది. మూడు నెలలకోసారి పొడిగింపు. శాశ్వతం కావాలంటే వార్షిక పోటీ గెలిచి హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీకి ఎంపిక కావాలి. (ఈ నిబంధన సరళ చేరిన తర్వాతి వారం వచ్చింది. కాకతాళీయం.)

ఇక ఏప్రిల్ సంఘటన. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు. ఒకవైపు స్వరాజ్యలక్ష్మి గారు, సరళ. మరోవైపు ఓంప్రకాష్ గారు, ఆయన కొత్త జోడీ ధనుంజయ్. ధనుంజయ్ సూర్యాపేటలో సిమెంటు డీలరు, మితభాషి, అధ్యక్షుల పాటకు ఏనాడూ అడ్డుపడని మనిషి. స్వరాజ్యలక్ష్మి గారు ఒక ఆఠీను పాడారు. ధనుంజయ్ పాస్ అన్నాడు. సరళ రెండు ఆఠీన్లకు పెంచింది. ఓంప్రకాష్ గారు నాలుగు ఇస్పేట్లు అన్నారు. మిగతా ఇద్దరూ పాస్ అన్నారు. వంతు మళ్లీ సరళకు వచ్చింది.

సరళ ఆలోచించింది. నేను గడియారం చూశాను కాబట్టి చెప్పగలను, ఒక నిమిషం పది సెకన్లు. తర్వాత పాస్ కార్డు పెట్టింది. ఓంప్రకాష్ గారు ఆడారు. పదికి తొమ్మిదే వచ్చాయి. ఒక పట్టు తేడాతో ఆ వారం పోటీ పోయింది.

అక్కడికక్కడే ఆయన ఫిర్యాదు రాశారు. ఫిర్యాదుదారు ఆయనే, విచారణ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే కావడంతో నిష్పాక్షికతకు భంగం రాకూడదని, ఫిర్యాదు చెప్పేటప్పుడు ఎడమ కుర్చీలో, వినేటప్పుడు కుడి కుర్చీలో కూర్చున్నారు.

"నేను మోసపోయిన," అన్నారు ఎడమ కుర్చీలోంచి. "గా పిల్ల నిమిషం సేపు ఆలోచించింది. గంతసేపు ఆలోచించిందంటే ఇస్పేటు రాణి ఆమె దగ్గరనే ఉన్నట్టు కదా? ఉన్నదనుకొని గట్ల ఆడిన. సూస్తే లేదు! రాణి లేనిది ఎందుకు ఆలోచించినట్టు?"

సరళ లేచి నిలబడింది. "లెక్క జేసుకున్న సార్. ఆంటీకి ఐదు ఆఠీన్లు, నాకు నాలుగు. మాకు తొమ్మిది. నా చేతిల మూడు ఇస్పేట్లు, ఆంటీకి ఒకటనుకుంటే మీకూ తొమ్మిది. రెండు కలిపితే పద్దెనిమిది. గసుంటప్పుడు ఎవరి తురుఫుతోని వాళ్లు ఆడితే వచ్చే పట్లు కలిపితే ఇంచుమించు పద్దెనిమిదే ఉంటయ్. మీకు పది వస్తె మాకు ఎనిమిదే. నేను ఐదు ఆఠీన్లని పాడితే పదకొండు గావాలె, మునిగిపోతం. మాకు పదకొండు వస్తయనుకుంటే మీకు ఏడే, మీరు ఎట్లనూ మునుగుతరు. ఎటు సూసినా ఐదు పాడుడు తప్పు. గది తేల్చుకునేసరికి నిమిషం పట్టింది."

లెక్క అందరికీ అర్థమైంది, అదే ఇబ్బంది.

స్వరాజ్యలక్ష్మి గారు అందుకున్నారు. "ఏమండీ, ఆ పిల్ల పాస్ ఎందుకన్నదో అడిగిన్రు. మంచిది. మీరు నాలుగు ఇస్పేట్లు ఎందుకన్నరో గది గూడ అడగుండ్రి."

ఆ ప్రశ్న ఎజెండాలో లేదు కాబట్టి నేను రాయలేదు.

వారం తిరిగేసరికి ఏడో నంబరు సర్క్యులర్ వెలువడింది. సారాంశం: ఇకపై ప్రతి పాటకూ ప్రతి సభ్యుడూ సరిగ్గా పదిహేను సెకన్లు తీసుకోవాలి. ఎక్కువ ఆలోచించాల్సినవారు పదిహేనుతో ఆపాలి. ఆలోచించాల్సిన అవసరం లేనివారు కూడా పదిహేను సెకన్లు ఆలోచిస్తున్నట్టు కనిపించాలి. నిజంగా ఎవరు ఆలోచిస్తున్నారో బయటపడకుండా ఉండటమే లక్ష్యం.

అమలు కోసం కోదాడ నుంచి శ్రీనాథ్ గారిని ఆలోచనా పరిశీలకులుగా నియమించాం. ఆయన బడిలో పీఈటీగా రిటైరయ్యారు. ఈల, స్టాప్‌వాచ్ సొంతంగా తెచ్చుకున్నారు.

"చూడండి, రూలు రూలేనండి," అన్నారు మొదటి రోజే. "ఆలోచిస్తే ఆలోచించినట్టు కనపడకూడదు, ఆలోచించకపోతే ఆలోచించినట్టు కనపడాలి. ఇందులో కష్టమేముందండీ?"

కష్టమేమీ లేదని జులైలో కోదాడలో జరిగిన సమావేశం రుజువు చేసింది. రాజ్‌కుమార్ అనే సభ్యుడు ఆ పదిహేను సెకన్లలో కళ్లు మూసి, గడ్డం కింద చెయ్యి పెట్టి, కనుబొమలు ముడిచి అద్భుతంగా కనిపించాడు. నెలవారీ ఉత్తమ ఆలోచనా ముఖంగా ఎంపిక చేసి స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చాం. ఇవ్వడానికి లేపాల్సి వచ్చింది.

అయితే కొందరికి నిజంగానే ఎక్కువ సమయం కావాలి. సంఘం మానవీయ దృక్పథంతో 'ఆలోచన–3' అనే దరఖాస్తు ప్రవేశపెట్టింది. మూడు ప్రతులు. 'దేని గురించి ఆలోచించదలచారు' అని ఒక గడి ఉంది. అక్కడ ముక్కల గురించి రాస్తే రహస్యం బయటపడుతుంది కనుక అందరూ 'వ్యక్తిగతం' అని రాసేవారు. దరఖాస్తు పరిశీలనకు శ్రీనాథ్ గారికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో దరఖాస్తుదారులు హాయిగా ఆలోచించుకుంటున్నారని రెండో వారమే తెలిసిపోయింది. తక్షణం సవరణ చేశాం: దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతసేపూ దరఖాస్తుదారు పంతొమ్మిదో ఎక్కాన్ని పైకి చదువుతూ ఉండాలి. ఇది నా సలహాయే. పంతొమ్మిదో ఎక్కం చదువుతూ మనిషన్నవాడు వేరే సంగతి ఆలోచించలేడని నాకు చిన్నప్పటి నుంచి అనుభవం.

సెప్టెంబరులో వార్షిక పోటీ ఫైనలు. మిర్యాలగూడలో ఓంప్రకాష్ గారి మిల్లు పైనున్న హాలు. కింద మిల్లు ఆపించారు. తవుడు వాసన మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికల్లా మిగిలింది రెండే జట్లు, అవే రెండు. సరళ ఆ రోజు కోసం డ్యూటీ మార్చుకుని వచ్చింది. గెలిస్తే శాశ్వత సభ్యత్వం. స్వరాజ్యలక్ష్మి గారు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని దిగారు. ముప్పై నాలుగేళ్లలో ఓడిన ప్రతిసారీ కారులో ఇంటిదాకా 'తప్పు నీదే' అని విన్న మనిషి ఆవిడ. ఆ ఒక్క రోజు తప్పు ఎవరిదో అందరి ముందూ తేలాలని ఆవిడ కోరిక. నోటితో అనలేదు. ముక్కలు సర్దే తీరులోనే తెలిసిపోయింది.

చివరిసారి ముక్కలు పంచేసరికి రెండు జట్లూ సమానం.

స్వరాజ్యలక్ష్మి గారు పదిహేను సెకన్లు ఫ్యాను వైపు చూసి ఒక ఆఠీను పాడారు. ధనుంజయ్ పదిహేను సెకన్లు ఫ్యాను చూసి పాస్ అన్నాడు. సరళ మూడు ఆఠీన్లకు పెంచింది. ఓంప్రకాష్ గారు పదిహేను సెకన్లూ కూర్చున్నారు గానీ నాలుగు ఇస్పేట్ల కార్డు మొదటి సెకనులోనే చేతిలో ఉంది. తర్వాత ఇద్దరూ పాస్. మళ్లీ సరళ వంతు.

ఆమె చెయ్యెత్తింది. "సార్, ఆలోచన మూడు."

శ్రీనాథ్ గారు మూడు ప్రతులూ తీసుకున్నారు. "కానివ్వమ్మా, ఎక్కం."

"పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది, పంతొమ్మిది రెళ్లు ముప్పై ఎనిమిది..." సరళ కళ్లు ముక్కల మీదే ఉన్నాయి, గొంతు మాత్రం బళ్లో పిల్లలా సాగుతోంది. "పంతొమ్మిది మూళ్లు యాభై ఏడు, పంతొమ్మిది నాలుగ్లు డెబ్బై ఆరు..."

ఏడో మెట్టు దగ్గర నేను కూడా మనసులో చదివి తప్పాను. ఆమె తప్పలేదు. నూట తొంభై దాకా చదివి ఆగింది. శ్రీనాథ్ గారు దరఖాస్తు మీద 'కారణం సమగ్రంగా లేదు, తిరస్కరించడమైనది' అని రాసి ఈల ఊదారు.

"సరే సార్," అని సరళ ఎర్ర కార్డు తీసి బల్ల మీద పెట్టింది. డబల్. అంటే, నువ్వు పాడింది గెలవలేవు, గెలవకపోతే నష్టం పెంచి కట్టు అని సవాలు.

ఓంప్రకాష్ గారు నవ్వారు. ఆరో పట్టు దాకా నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత కింద మిల్లులో ఎవరో మాట్లాడుతున్నారని, వాళ్లను ఊరుకోమనమని నన్ను పంపారు. నేను దిగి చూస్తే ఎవరూ లేరు. పైకి వచ్చేసరికి ఆట అయిపోయింది. పదికి ఏడే వచ్చాయి. మూడు పట్లు తక్కువ.

స్వరాజ్యలక్ష్మి గారు సరళ చెయ్యి పట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి గానీ నోటి వెంట వచ్చింది ఒక్కటే మాట. "టీ తాగుదమా బిడ్డా?"

టీ రాకముందే ఓంప్రకాష్ గారు ఎడమ కుర్చీలో కూర్చున్నారు.

"ఎక్కం సదువుకుంట ఆలోచించింది," అన్నారు. "లేకపోతే గా డబల్ ఎక్కడికెళ్లి వచ్చింది?"

శ్రీనాథ్ గారు సరళ వైపు తిరిగారు. "అమ్మా, నిజం చెప్పు. ఎక్కం చదువుతూ ఆలోచించావా?"

అబద్ధం చెప్పి ఉంటే మేం ఏమీ చేయగలిగేవాళ్లం కాదు. సరళ చెప్పలేదు.

"ఆలోచించిన సార్. ఇంట్ల గొర్లను లెక్కవెట్టుకుంట, మా అమ్మతోని కొట్లాడుకుంట పెరిగిన. నాకు రెండు పనులు ఒక్కపారే అయితయ్."

"ఆలోచించుడు తప్పెట్లయితది?" అన్నారు స్వరాజ్యలక్ష్మి గారు. "ఎవరి ముక్కలన్న తొంగి సూసిందా? నాకు సైగ జేసిందా? తన లెక్క తను జేసుకున్నది. మీకు చేతగానిది ఇంకొకలకు అయితే నేరమా?"

విచారణ సంఘం పదిహేను సెకన్లు పరిశీలించి తీర్పు ఇచ్చింది. నా చేత్తో నేనే రాశాను కనుక పదాలు గుర్తున్నాయి. 'సరైన నిర్ణయం ఆలోచించకుండా రాదు. సదరు తాత్కాలిక సభ్యురాలి నిర్ణయం సరైనది. కావున ఆమె అనుమతి లేకుండా ఆలోచించినట్టు నిర్ధారణ అయినది. మరోవైపు అధ్యక్షులవారి పాటలో ఆలోచన జాడ ఎక్కడా కనిపించలేదు గనుక వారు నిబంధనలను సంపూర్ణంగా పాటించినట్టు భావించడమైనది.' ఫలితం రద్దు. రాష్ట్ర పోటీకి ఓంప్రకాష్ గారు, ధనుంజయ్ ఎంపిక. సరళ సభ్యత్వం పొడిగించబడదు.

ఆ తీర్పుకు చేతులెత్తినవారిలో నేనూ ఉన్నాను. సరళ నావైపు చూసింది. కోపంగా కాదు. జబ్బేమిటో అర్థంకాని పశువును చూసినట్టు చూసింది. తర్వాత హెల్మెట్ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పది రోజులకు ఓంప్రకాష్ గారు నాకు ఫోన్ చేశారు. గొంతు దిగిపోయి ఉంది.

"ఉపేందరూ, ఇంట్ల పరేషాన్ అయితున్నది. నేను ఏమడిగినా ఆమె ఫ్యాను దిక్కు సూస్తది. పదిహేను సెకన్లు. కూరేందని అడిగినా గంతే. తర్వాత పాస్ అంటది."

"నిబంధన ప్రకారమే ఉంది కదండీ," అన్నాను.

"గది నాకు ఎరుకే," అని పెట్టేశారు.

ఈలోగా ఆవిడ వేరే పని కూడా చేశారు. రాష్ట్ర పోటీ ప్రకటన కాగితం మా ఆఫీసు గోడకు ఏళ్లుగా ప్రతి ఏడూ అంటిస్తున్నదే. దాన్ని మొదటిసారి ఒక మనిషి చివరిదాకా చదివారు. ఆ పోటీకి ఎవరైనా నేరుగా పేర్లు ఇచ్చుకోవచ్చట. ఏ సంఘమూ ఎవరినీ ఎంపిక చేసి పంపాల్సిన అవసరమే లేదట. ఆవిడ ఫోన్ చేసి రెండు పేర్లు రాయించారు.

"ఆంటీ, మల్ల ఏమన్న అంటరేమో," అందట సరళ.

"అంటే అననీ. గాడ ఆలోచించుకోనిస్తరట. అడిగిన."

నవంబరులో హైదరాబాదు పోటీకి నేను సంఘం ప్రతినిధిగా వెళ్లాను. ముప్పై ఎనిమిది జట్లు. పెద్ద హాలు. ఎటు చూసినా జనం బహిరంగంగా ఆలోచిస్తున్నారు. ఒకాయన రెండు నిమిషాలు ఆలోచించాడు, ఎవరూ ఈల ఊదలేదు. నేను అలవాటుగా గడియారం చూసుకున్నాను. సరళ కూడా మొదటి ఆటలో కాస్త బెదిరి చుట్టూ చూసింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, తీరిగ్గా తన లెక్కలో పడింది. రెండు రోజుల తర్వాత ఫలితాల కాగితం అంటించారు. స్వరాజ్యలక్ష్మి, సరళ జట్టు ఐదో స్థానం. మా అధికారిక జట్టు పేరు వెతకడానికి పై నుంచి మొదలుపెట్టడం నా పొరపాటు. ముప్పై ఎనిమిదో స్థానం.

ధనుంజయ్ సూర్యాపేట బస్సెక్కాడు. మిగిలిన మేం నలుగురం ఓంప్రకాష్ గారి కారులోనే బయల్దేరాం. ఆయన నడుపుతున్నారు, పక్కన నేను. వెనక సీట్లో స్వరాజ్యలక్ష్మి గారు, ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతున్న సరళ. చౌటుప్పల్ దాటాం.

"లక్ష్మీ," అన్నారు ఆయన ఉన్నట్టుండి. "ఆఖరి రౌండ్ల నేను నాలుగు ఇస్పేట్లు అన్న సూడు. గాడ నేను ఏమనాల్సుండె?"

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ ఈసారి పైకి చూడలేదు, లెక్కపెట్టలేదు. ఆయన తల వెనక భాగాన్ని చూస్తూ మెల్లగా చెప్పారు.

"పాస్ అంటే సరిపోతుండె అండీ."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ముప్పై ఆరేళ్లలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారని ఆవిడ గొంతును బట్టి నాకర్థమైంది. ఆయన వేగం తగ్గించారు. పెదవులు కదులుతున్నాయి. స్టీరింగు మీద వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తున్నారు, ముక్కలు లెక్కపెడుతున్నట్టు. చిట్యాల దాటింది. అంతసేపు ఆయన ఆలోచించడం నేనెన్నడూ చూడలేదు. స్వరాజ్యలక్ష్మి గారు సరళ తల కదలకుండా మెడ చాచి చూస్తున్నారు. నార్కట్‌పల్లి దగ్గర కారు కుడికి తిప్పుతూ ఆయన తల ఊపారు.

"లేదు," అన్నారు. "నాలుగు ఇస్పేట్లే కరెక్టు. ఏమంటవ్ ఉపేందరూ?"

అవునన్నాను. కారు ఆయనది, మిర్యాలగూడ ఇంకా అరవై కిలోమీటర్లుంది.